ఎవరు వద్దన్నారు?

మన ఇళ్ళల్లో చాలా మర్యాదగా, చాలా ప్రేమగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఎవరు వద్దన్నారు?" పెళ్ళయ్యాక పాట మానేసిన అక్కని, పిల్లలు పుట్టాక కథలు రాయడం ఆపేసిన స్నేహితురాలిని, డిగ్రీ చదివి ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే ఉన్న వదినని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పాడొచ్చు కదా, రాయొచ్చు కదా, ఉద్యోగం చూసుకోవచ్చు కదా, ఎవరు వద్దన్నారు? నిజంగానే ఎవరూ వద్దని ఉండరు. అందుకే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. జవాబు దొరకనందుకు తప్పు తిరిగి తిరిగి ఆమె మీదికే వస్తుంది. ఆమెకే ఆసక్తి లేదు, ఆమెకే అంత పట్టుదల లేదు అని తేలిపోతుంది.

ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ఒకసారి వచ్చిన విద్య ఎక్కడికీ పోదని, పెట్టెలో దాచిన పట్టుచీరలాగ ఎప్పుడు తీసి కట్టుకుంటే అప్పుడు మెరుస్తుందని ఆ నమ్మకం. తలుపు తెరిచే ఉంది కనుక బయటికి రాకపోవడం ఆమె ఇష్టమేనని కూడా. తీయకుండా దాచిన పట్టుచీర మడతల దగ్గర చిరుగుతుందని మన అమ్మలకు తెలుసు. కానీ విద్య విషయంలో ఆ తెలివి మనకు గుర్తుండదు. నేను పాఠం చెప్పే తరగతుల్లో ఈ నమ్మకాన్ని పుస్తకాల సాయంతో చాలాసార్లు ప్రశ్నించాను. దాన్ని నట్టు నట్టుగా విప్పి చూపించింది మాత్రం ఆసిఫాబాద్‌లో మా ఇంటి వెనక కొట్టంలో ఇరవై తొమ్మిదేళ్ళు కదలకుండా నిలబడ్డ అంబాసిడర్ కారు ఇంజను.

మా బాపు ఆసిఫాబాద్ కోర్టులో వకీలు. 1974లో చంద్రపూర్‌లో ఒకాయన దగ్గర ఆ బండిని సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన కాలం అది. అంబాసిడర్ మార్క్ టూ, 1968 మోడల్. 1489 సి.సి. పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కన చేతి గేరు. బ్యాటరీ మొరాయిస్తే ముందు నుంచి హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పి స్టార్ట్ చేసుకునే ఏర్పాటు కూడా ఉండేది. అమ్మ అప్పటికి టీచరు. 1976లో ఆమె డ్రైవింగు నేర్చుకుంది. ఇందులో పోరాటగాథ ఏమీ లేదు. బాపే నేర్పాడు, కెరమెరి రోడ్డు మీద, ఆదివారాలు. లైసెన్సు వచ్చింది. నాలుగైదేళ్ళు వాంకిడికి, రెబ్బెనకు, కాగజ్‌నగర్‌కు ఆమే నడిపేది. ఊళ్ళో నలుగురూ చూసేవాళ్ళు, నాలుగు రోజులయ్యాక చూడడం మానేశారు.

1981లో చెల్లె పుట్టింది. "నీకెందుకు తిప్పలు" అని బాపు ఒక డ్రైవర్ని పెట్టాడు. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. 1994లో మారుతి కారు వచ్చింది, అంబాసిడర్ కొట్టంలోకి పోయింది. అమ్మే దాన్ని కడిగించి, తుడిపించి, మీద టార్పాలిన్ కప్పించింది. 2003లో బాపు పోయాడు. ప్రతి వానాకాలం ముందు అమ్మ ఆ టార్పాలిన్ చిరుగులు చూసి మార్పించేది.

డ్రైవింగు ఎందుకు మానేశావని అమ్మను ఎన్నోసార్లు అడిగాను. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. "నేను బందు పెట్టలే బిడ్డా. మీ బాపు బందు పెట్టియ్యలే. బందయిపోయింది."

కర్త లేని వాక్యం అది. మనం స్త్రీల జీవితాల గురించి రాసేటప్పుడు ఎప్పుడూ కర్త కోసం వెతుకుతాం. ఆపినవాడు ఎవడు, కొట్టినవాడు ఎవడు, కాగితాలు చించినవాడు ఎవడు? అలాంటి కర్తలకు కొదవ లేదు, వాళ్ళ పేర్లు రాయాల్సిందే. కానీ ఎన్ని జీవితాల్లో విషయం 'ఆపారు' అని కాక 'ఆగిపోయింది' అనే క్రియతో ముగిసిపోతుంది! ఆ క్రియను పట్టుకునే పనిముట్టు మన దగ్గర తక్కువ.

2023లో మా అన్న హైదరాబాద్ నుంచి ఒక బేరం తెచ్చాడు. పాత కార్లను హోటలు వాకిట్లో అలంకారంగా నిలబెట్టేవాళ్ళు కొంటారట. ఇంజను నడిస్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయట. అమ్మ పెద్దగా మాట్లాడలేదు. "అమ్ముడా ఉంచుడా తర్వాత సంగతి. ముందైతే ఇంజను చాలు కావాలె" అంది. బల్లార్షాలో పని నేర్చి, బస్టాండు దగ్గర చిన్న షెడ్డులో నలభై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న ఒక ఉస్తాద్ ఉన్నాడు. ఆయన్ని పిలిపించాం.

ఆయన వచ్చేసరికే మా పెదనాన్న మనవలు కొత్త బ్యాటరీ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే సరిపోతుందని ఒకడు, ట్రాక్టరుకు కట్టి గుంజుదామని ఇంకొకడు. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సెల్ఫ్ గొట్టకుండ్రి. లోపల రింగులు పట్కొని ఉంటయి. జబర్దస్తీ జేస్తే ఇరుగుతయి."

ఆయన చెప్పింది నేను నా భాషలో చెప్తాను. ఇంజను ఎక్కడ ఆగినా, నాలుగు సిలిండర్లలో ఎక్కడో ఒకచోట వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఆ సందులోంచి తేమ లోపలికి పోతుంది. నడిచే ఇంజనులో సిలిండరు గోడకు ప్రతి క్షణం కొత్త నూనె పొర అంటుతుంది. ఆగిన ఇంజనులో ఆ పొర మెల్లగా కిందికి జారిపోతుంది. ఇనుము ఇనుముకు తగులుకుని తుప్పుతో ఒకటైపోతుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగమంతా పోయి, మిగిలింది జిగురుగా మారి సన్నటి దారులన్నీ మూసేస్తుంది. రబ్బరు ఎండి పెళుసవుతుంది. క్లచ్ ప్లేటు దాని పక్కనున్న చక్రానికి అతుక్కుపోతుంది. బ్రేకులు బిగుసుకుపోతాయి. గాలి వచ్చే దారిలో ఎలుకలు కాపురం పెడతాయి. మా బండికి ఇవన్నీ జరిగాయి. దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు. భద్రంగా ఉంచారు, అంతే.

అమ్మ ఆయన్ని అడిగింది, నడిచి అరిగిన బండి నయమా, ఇట్ల నిలబెట్టింది నయమా అని. ఆయన కొంచెం ఆలోచించి చెప్పిన మాట నేను రాసిపెట్టుకున్నాను. "నడిచి నడిచి అరిగినదానికి హిసాబు ఉంటదమ్మా. బోరింగ్ చేస్తం, పెద్ద సైజు పిస్టన్ ఏస్తం. నిలబడి నిలబడి ఖరాబైనదానికి హిసాబు లేదు. ఏడ చెడ్డదో ఇప్పుతనే ఎరుక."

వాడకం వల్ల వచ్చే నష్టానికి లెక్క ఉంది, వాడకపోవడం వల్ల వచ్చే నష్టానికి లెక్క లేదు. ఇది ఇంజన్ల గురించి చెప్పిన మాటే అయినా, నాకు చాలాకాలంగా నలుగుతున్న ఒక తాత్విక సమస్యకు దగ్గరగా వచ్చింది.

అమర్త్య సేన్ చెప్పిన ఒక ఉదాహరణ మనలో చాలామందికి తెలుసు. ఉపవాసం ఉన్న మనిషి కడుపూ ఖాళీయే, తిండి లేక పస్తున్న మనిషి కడుపూ ఖాళీయే. మొదటి మనిషి తినగలిగి ఉండీ తినలేదు, రెండో మనిషికి ఆ వీలే లేదు. కాబట్టి మనుషులు ఏం చేస్తున్నారన్నది కాదు, ఏం చేయగల స్థితిలో ఉన్నారన్నది చూడాలంటాడు సేన్. మార్తా నుస్‌బామ్ 2000లో వచ్చిన 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్' పుస్తకంలో ఈ ఆలోచనను స్త్రీల జీవితాలకు, అందులోనూ భారతదేశపు స్త్రీల జీవితాలకు అన్వయించింది. సామర్థ్యాన్ని కల్పించడం రాజ్యం బాధ్యత, దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది మనిషి ఇష్టం అంటుంది. పిల్లల విషయంలో మాత్రం చేయించాల్సిందేనని, లేకపోతే పెద్దయ్యాక ఆ సామర్థ్యమే ఉండదని ఆమే ఒప్పుకుంటుంది.

ఈ ఆలోచన మనకెంతో పనికొచ్చింది. ఏ స్త్రీ ఏం చేయాలో ఇంకెవరూ నిర్ణయించకుండా అది కాపాడింది. నా పేచీ ఆ చివరి మినహాయింపు దగ్గరే. పిల్లలకు మాత్రమేనా? చేయకపోతే సామర్థ్యం పోవడం పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆగిపోతుందా? సామర్థ్యాన్ని బ్యాంకులో వేసిన డబ్బులాగ ఊహిస్తున్నాం. తీసినా తీయకపోయినా అక్కడే ఉంటుందని, పైగా వడ్డీ కూడా వస్తుందని. అది ఇంజను లాంటిదైతే? తిరిగితేనే మిగిలేదైతే? అప్పుడు 'ఆమెకు వచ్చు, కానీ చేయడం లేదు' అనే వాక్యానికి గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటాక కూడా మనం అదే వాక్యం చెప్తూ ఉంటే ఆమె పస్తును ఉపవాసమని పిలుస్తున్నట్టే.

చట్టం దగ్గర కూడా ఇదే చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎందరు ఆడపిల్లలు దాన్ని అడిగారు? అడిగితే పుట్టింటి గడప ఏమవుతుందోనని ఎందరు నవ్వుతూ సంతకం పెట్టి వచ్చారు? పుస్తకంలో ఉండి నోట్లోకి రాని హక్కు రోజురోజుకూ బిగుసుకుపోతుంది. తల్లి అడగని హక్కును కూతురు అడగాలంటే మొదటిసారి అడిగినంత బలం కావాలి.

డ్రైవింగు లైసెన్సు సంగతి ఇంకా స్పష్టం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ పరీక్ష ఇవ్వాలి. గడువు ఉన్నంతకాలం, ఇరవై ఏళ్ళుగా స్టీరింగు ముట్టని మనిషైనా సరే, డ్రైవింగు వచ్చినట్టే లెక్క. చట్టానికి కాగితం మీది తుప్పు కనిపిస్తుంది కానీ చేతి మీది తుప్పు కనిపించదు. 'స్త్రీలకు అన్ని అవకాశాలూ ఉన్నాయి' అనేవాళ్ళూ చూసేది కాగితాన్నే.

మెకానిక్కుల భాషలో స్టార్టరు మోటారు పేరు 'సెల్ఫ్'. కారుకు ఎలక్ట్రిక్ స్టార్టరు మొదట 1912లో అమెరికాలో కాడిలాక్ బండ్లకు వచ్చింది. చేత్తో తిప్పే బాధ తప్పింది కనుక ఆడవాళ్ళకు అనువైన ఏర్పాటని అప్పట్లో ప్రచారం చేసుకున్నారు. ఆ పేరు నాకు భలే నచ్చింది. ఆగిపోయిన ప్రతి స్త్రీ నుంచీ లోకం ఆశించేది ఈ 'సెల్ఫ్'నే. తనంతట తాను లేచి, తనంతట తాను మొదలుపెట్టాలి. కానీ సెల్ఫ్ తిరగాలంటే బ్యాటరీ నిండి ఉండాలి. బ్యాటరీ నిండాలంటే ఇంజను తిరిగి ఉండాలి. అన్నేళ్ళు తిరగని ఇంజనుకు సెల్ఫ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి తిప్పు బయటి నుంచి రావాలి. అందులో చిన్నతనం లేదు.

ఆ మొదటి తిప్పు ఎలా ఉండాలో ఉస్తాద్ దగ్గర చూశాను. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లలోనూ నూనె పోశాడు. వాల్వుల మీది మూత తీసి అక్కడా పోశాడు. "పది దినాలు ఎవ్వరు ముట్టకుండ్రి" అని వెళ్ళిపోయాడు. ఆ పది రోజుల్లో మిగతావి చూసుకున్నాడు. ట్యాంకు దింపి కడిగించాడు. తారులాగ చిక్కబడ్డ పాత ఇంజనాయిలు తీసేశాడు. కార్బరేటరు విప్పి సన్నటి తీగెతో దారులు తెరిచాడు. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లను గరుకు కాగితంతో రుద్దాడు. రబ్బరు గొట్టాలన్నీ మార్చాడు. గొట్టాల దగ్గర ఆయన ఇంకో మాట చెప్పాడు. ఈ బండి నిద్రపోయినప్పటి పెట్రోలు వేరు, ఇప్పటి పెట్రోలు వేరు. 2000 సంవత్సరం నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. పెట్రోల్లో ఇథనాల్ కలపడం మొదలై, ఇప్పుడది ఇరవై శాతం దాకా వచ్చింది. పాతకాలపు రబ్బరును ఇథనాల్ తినేస్తుంది. అంటే బండిని 1994లో ఉన్నట్టుగా బాగుచేసినా లాభం లేదు, ఇవాళ్టి ఇంధనానికి తగ్గట్టు మార్చాలి. పాతికేళ్ళ విరామం తర్వాత కలం పట్టిన స్త్రీని 'మునుపటిలా రాయడం లేదే' అనేవాళ్ళకు ఈ గొట్టాల సంగతి చెప్పాలనిపించింది. మునుపటి పెట్రోలు ఇప్పుడు ఏ బంకులోనూ లేదు.

పదకొండో రోజు ఆయన ముందు నుంచి హ్యాండిల్ దూర్చి మెల్లగా ఒత్తాడు. వేలెడంత కదిలింది. వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు. అరగంటకు ఒక పూర్తి చుట్టు తిరిగింది. అప్పుడు అమ్మ "నేను తిప్పనా భాయ్?" అంది. ఇంజను వెనక్కి తంతే బొటనవేలు విరుగుతుంది, అందుకని హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే పెట్టాలి. ఆ సంగతి చెప్పడానికి ఆయన నోరు తెరిచేలోపే అమ్మ బొటనవేలు అక్కడ ఉంది. నలభై రెండేళ్ళ తర్వాత. ఆయన ఏమీ అనలేదు, పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఇక్కడ నా వాదానికి నేనే ఒక సవరణ పెట్టుకోవాలి. వాడనిదంతా పోతుందని కాదు. ఏది పోతుందో, ఏది మిగులుతుందో బయటి నుంచి చెప్పలేమన్నదే అసలు విషయం. బొటనవేలికి గుర్తున్నది మెడకు గుర్తులేదు, వెనక్కి తిరిగి చూడలేకపోయింది. గేర్లు చేతికి వచ్చాయి, దూరం అంచనా కంటికి రాలేదు. విప్పితేనే ఎరుక.

నడిపితేనే ఎరుక అని కూడా అనాలి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. ఆమె కట్నం డబ్బు ఆ పనిలో ఉంది కానీ 1886 నాటి పేటెంటు మీద ఆమె పేరు లేదు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. తీగె ఒరుసుకుపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. మందుల దుకాణంలో ఇంధనం కొంది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేకపోతే కొడుకులు తోశారు. ఆ ప్రయాణం తర్వాతే బెంజ్ బండికి ఇంకో గేరు చేరింది. కార్ఖానాలో నిలబెట్టి ఎంత చూసినా ఆ గేరు లేదన్న సంగతి తెలిసేది కాదు.

మా ఇంజను చాలు అయిన రోజు పెట్రోలు ట్యాంకునింకా బిగించలేదు. సెలైన్ సీసాలాగ ఒక డబ్బాను పైన వేలాడదీసి సన్నటి గొట్టంతో పెట్రోలు ఇచ్చారు. మొదట ప్లగ్గులు లేకుండా తిప్పి నూనె అన్ని మూలలకూ చేరిందని చూసుకున్నాడు. తర్వాత ప్లగ్గులు బిగించి, నాలుగోసారి సెల్ఫ్ కొట్టగా అంటుకుంది. సైలెన్సరులోంచి ఎలుకల గూడు, ఎండుటాకులు, కొట్టమంతా తెల్లటి పొగ. పిల్లలు ఈలలు వేశారు. ఆయన మాత్రం ఇంజనాయిలు ప్రెషర్ ముల్లు వైపే చూస్తూ రెండు నిమిషాలకే ఆపేశాడు. "ఇయ్యాల్టికి చాలు" అన్నాడు. మొదటి రోజే పరుగెత్తించకపోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఇంతకీ అది ఎవరి కోసం నడవాలి? ఇంజను నడవడం దానంతట అదే మంచి విషయం కాదు. మాకు దగ్గర్లోని కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చాక మళ్ళీ నడిచింది. ఆసిఫాబాద్ కూడా 1941లో జిల్లా కేంద్రం హోదా పోగొట్టుకుని, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాతో తిరిగి తెచ్చుకున్న ఊరే. ఇలాంటి పునఃప్రారంభాలకు రిబ్బను కత్తిరించడం బాగానే ఉంటుంది. యంత్రం తిరిగిందా అన్న ప్రశ్న తర్వాత, దానితో ఎవరు తిరిగి వచ్చారు, ఎవరి అవసరానికి తిరుగుతోంది అన్న ప్రశ్న ఉంటుంది. స్త్రీల నైపుణ్యాలు దేశానికి వృథా అవుతున్న వనరులని బాధపడే ఆర్థికవేత్తల్ని చూసినప్పుడు నాకు హోటలు వాకిలి బేరం గుర్తొస్తుంది. నడిస్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి!

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. అమ్మ ఇంజను కాదు. ఆ నలభై రెండేళ్ళు ఆమె ఆగి లేదు. బడిలో పాఠాలు చెప్పింది, ముగ్గురిని పెంచింది, బాపు చివరి రెండేళ్ళు మంచం పక్కనే ఉంది. ఒక దారి మూసుకుపోయినప్పుడు వేరే దారుల్లో రోజంతా తిరుగుతూనే ఉంది. అందుకే 'తుప్పు పట్టింది' అనే మాటను మనుషులకు వాడేటప్పుడు జాగ్రత్త కావాలి. ఒక విద్య తుప్పు పట్టవచ్చు, మనిషి పట్టదు.

బండి నడిచాక మూడు దారులు కనిపించాయి. ఒకటి హోటలు వాకిలి. రెండోది గౌరవం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనానికి ప్రత్యేక నంబరు ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు, రోజువారీ అవసరాలకు మాత్రం రోడ్డెక్కించకూడదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో చనిపోయాడు. ఆ తర్వాత ఊరేగింపులకే తప్ప పెద్దగా రోడ్డెక్కలేదు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ గౌరవం ఇంకో రకం టార్పాలిన్. స్త్రీలకు ఈ గౌరవం కొత్త కాదు. పీట మీద కూర్చోబెట్టి, పూజచేసి, రోడ్డు మాత్రం తీసేసుకుంటారు.

అమ్మ మూడోది ఎంచుకుంది. మామూలు రిజిస్ట్రేషను, మామూలు ఫిట్‌నెస్ పరీక్ష, తన పేరు మీద ఆర్.సి. అందుకు వారసులుగా అన్నా, నేనూ, చెల్లె సంతకాలు పెట్టాం. మా బంధువుల్లో ఒక ఆడమనిషి కోసం మగవాళ్ళు ఆస్తి కాగితం మీద 'అభ్యంతరం లేదు' అని సంతకం పెట్టడం నేను చూసిన మొదటిసారి అదే. అన్న కొంచెం నొచ్చుకున్నాడు, కానీ పెట్టాడు.

డెబ్బై మూడేళ్ళ వయసులో అమ్మ మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని లెర్నర్ పరీక్ష పాసయ్యింది. ఆరు నెలలు, ఎర్రటి 'ఎల్' అక్షరం అంటించిన అంబాసిడర్‌ను, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, పొద్దున్నే పెద్దవాగు వైపు నడిపింది. బజారులోకి వెళ్ళలేదు. ఆరు నెలలు నిండుతున్నప్పుడు పక్కా లైసెన్సుకు పరీక్ష తేదీ తీసుకుందామా అని అడిగాను. "వద్దు బిడ్డా. మెడ తిరుగుతలేదు. నాకు చాలు" అంది. చెల్లె గొడవపెట్టింది. ఇన్ని తిప్పలు పడి చివరికి మానేయడమేంటని.

నాకు మాత్రం అది ఓటమి అనిపించలేదు. 1981లో బందయిపోయిందానికి కర్త లేదు, 2024లో వద్దన్నదానికి కర్త ఉంది. ఈసారి వద్దన్నది ఆమే. మొదటిది పస్తు, ఇది ఉపవాసం. ఈ రెంటికీ మధ్య పదిరోజుల నూనె, కొత్త గొట్టాలు, ముగ్గురి సంతకాలు, పక్కసీట్లో ఒక మనిషి, ఆరు నెలల పొద్దుటిపూటలు పట్టాయి. మానుకునే స్వేచ్ఛ ఊరికే రాదు, దానికి ముందు నడిపే వీలు చేతికి రావాలి. సేన్ చెప్పిన తేడా నిజమే. కాకపోతే ఆ తేడాను నిలబెట్టడానికి ఎవరో ఒకరు రోజూ పనిచేయాలి.

పెద్దవాళ్ళైన స్త్రీలను బలవంతంగా ఏ పనీ చేయించలేం, చేయించకూడదు. కాబట్టి బాధ్యత అటువైపు లేదు, ఇటువైపు ఉంది. ఒక స్త్రీ విద్య ఆగిపోకుండా ఉండాలంటే ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేయాలి? ఆమెకు వారంలో ఏ పూట ఖాళీ ఉంది, ఆ పూట వంట ఎవరు చేస్తారు, ఆమె మొదటి పేజీ తడబడితే పక్కన ఎవరు కూర్చుంటారు, తొందరపెట్టకుండా పది రోజులు ఎవరు ఆగుతారు? పత్రికలు నడిపేవాళ్ళం, తరగతులు నడిపేవాళ్ళం, సభలు పెట్టేవాళ్ళం మాట్లాడుకోవాల్సింది ఈ చిన్న చిన్న ఏర్పాట్ల గురించి. వద్దనకపోవడాన్ని ఉదారతగా లెక్కపెట్టుకోవడం ఇక ఆపాలి. డ్రైవర్ని పెట్టిన ప్రేమ, టార్పాలిన్ కప్పిన జాగ్రత్త కూడా వద్దనలేదు.

ఉస్తాద్ వెళ్ళిపోతూ ఒక షరతు పెట్టాడు. పదిహేను రోజులకోసారి చాలు చేసి, ఇంజను వేడెక్కేదాకా నడిపించాలని. మా పక్కింట్లో పాలిటెక్నిక్ చదివే అమ్మాయి లైసెన్సు తీసుకుంది. ఇప్పుడు బండి ఆమె నడుపుతోంది, చేతి గేరు అమ్మ నేర్పింది. క్యాలెండరులో ఆ తేదీలకు సున్నాలు చుట్టి ఉంటాయి. వంటింట్లో పాల లెక్క పక్కనే, పెన్సిలుతో.